పక్కవాళ్ల గిన్నెలో చిటికెడు

1921 మార్చి మొదటి సోమవారం నాడు గ్రుంబాఖ్ లోయ మండలి, దర్జీ బార్ట్లి క్నెల్‌వోల్ఫ్ జేబులోని ఉప్పు డబ్బాను జప్తు చేసింది. అది అతని సొంత డబ్బా. ఒకప్పుడు అందులో గుండీలు ఉండేవి. అందులోని ఉప్పు మండలి వారి ఉప్పుకొట్టులో కొన్నదే. దాన్ని అతను ఎవరికీ అమ్మలేదు. దానివల్ల ఫలానావారికి కీడు జరిగిందని చెప్పిన సాక్షి ఒక్కడూ లేడు. అయినా డబ్బా మండలి బీరువాలోకి వెళ్లింది. ఇంకా అక్కడే ఉంది.

అన్యాయం చెప్పడం అయింది. ఇక నేరం చెప్పాలి. బార్ట్లి ఏళ్ల తరబడి, పట్టపగలు, నలుగురి ఎదుట చేస్తూ వచ్చిన నేరం ఒక్కటే: పక్కవాళ్ల గిన్నెలో ఉప్పు వెయ్యడం.

అడిగి వేసేవాడు కాదు. అడిగితే వద్దంటారని అతనికి తెలుసు. మీరు సూప్ ముందు కూర్చొని చెంచా అందుకునేలోగా బల్ల అవతలి నుంచి ఒక పొడవాటి చెయ్యి వస్తుంది. గుడ్డ అంచు మడిచేటప్పుడు దర్జీ వేళ్లు ఎలా కలుస్తాయో అలా మూడు వేళ్లు కలిసి, మీ గిన్నె మీద ఒక్కసారి నలిగి, వచ్చిన దారినే వెళ్లిపోతాయి. మీరు తలెత్తి చూసేసరికి అతను కిటికీలోంచి కొండల్ని చూస్తుంటాడు. గట్టిగా నిలదీస్తే మాత్రం ఎంతో వినయంగా, "చిటికెడే కదండీ, మెడకు మంచిది" అంటాడు. ఈ మాట ఊళ్లో ఎంతగా పాకిందంటే, బడిపిల్లలు ఒకరి నెత్తిన ఒకరు మట్టి పోసుకొని కూడా ఇదే సంజాయిషీ ఇచ్చేవారు.

పాస్టరుగారు భోజనానికి ముందు కళ్లు మూసుకొని ప్రార్థన చేయిస్తారు. అది బార్ట్లికి దైవదత్తమైన అవకాశం. ఆమెన్ అనేసరికి బల్ల చుట్టూ ఉన్న పిల్లల గిన్నెలన్నింటిలో ఉప్పు పడి కరిగి కూడా పోయేది. ఈ సంగతి కనిపెట్టాక పాస్టరుగారు ఒక కన్ను తెరిచి ప్రార్థించడం మొదలుపెట్టారు. అది దేవుడికి కన్ను కొట్టినట్టుందని ఆయన భార్య అభ్యంతరం చెప్పాక మానుకున్నారు.

గడియారాలు అమ్ముకునే పట్నవాసి ఒకడు ఆ దారిన పోతూ ఊళ్లో భోజనానికి ఆగాడు. తన గిన్నెలో పడిన చిటికెడును చూసి, ఇది ఈ కొండవాళ్ల మర్యాద కాబోలనుకున్నాడు. మర్నాడు పక్క లోయలో తన ఎదుట కూర్చున్న కసాయివాడి గిన్నెలో తానూ ఒక చిటికెడు వేశాడు. కసాయివాడు అతన్ని గడియారాలతో సహా మెట్ల మీంచి కిందికి దింపాడు. వాటిలో ఏ రెండూ ఆ తర్వాత ఒకే టైము చూపించలేదని వినికిడి.

ఇన్ని గిన్నెల మీద చెయ్యి చేసుకున్నవాడు వయసు మళ్లినవాళ్ల గిన్నెల జోలికి మాత్రం పోయేవాడు కాదు. పెద్దలంటే భయమని కొందరన్నారు. ముసలివాళ్ల మీద ఉప్పు దండగ అనుకుంటాడని కొందరన్నారు. అసలు కారణం ఎవరూ అడగలేదు. అడగకుండానే తీర్పు చెప్పడం గ్రుంబాఖ్‌లో మండలికే కాదు, ఊరందరికీ అలవాటు.

ఈ వ్యవహారంలో ఫిర్యాది బాబెట్ ప్రైజిగ్. ఆమె 'నల్లెద్దు' పూటకూళ్లింటి యజమానురాలు. మొగుడు పోయినా పొయ్యి ఆరనివ్వకుండా నడుపుకొచ్చింది. ఆమె చేసే బార్లీ సూప్ కోసం వంతెన అవతలి ఊళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు. ఆమె బల్లల మీద ఉప్పుగిన్నె ఉండదు. ఉప్పుగిన్నె పెట్టడమంటే తన వంటకు తానే వంక పెట్టుకోవడమని ఆమె అభిప్రాయం. అలాంటి మనిషి ఇంట్లో, ఆమె కళ్లెదుటే, బార్ట్లి రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చొని, కుట్టుపని అమ్మాయిల గిన్నెల్లో, పశువులు కాసే కుర్రాళ్ల గిన్నెల్లో, ఆమె కోడలు అన్నెలీ గిన్నెలో ఉప్పు చల్లుతుంటే ఆమెకు ఎలా ఉండాలి?

"నా సూప్‌లో ఏం తక్కువైందయ్యా?" అని ఆమె ఒకనాడు గరిటెతో సహా వచ్చి అడిగింది.

"ఏమీ తక్కువ కాలేదు, బాబెట్టమ్మా. చిటికెడే కదా..."

"మెడకు మంచిది, అంతేనా? మరి నా గిన్నెలో ఎందుకు వెయ్యవు? నాకు మెడ లేదా?"

ఆమెకు మెడ ఉంది. ఏడు పేటల గోమేధికాల పట్టెడ బిగుసుకుపోయేంత మెడ. గ్రుంబాఖ్‌లో పట్నం డాక్టర్లు గళగండం అనే ఆ వాపును ఎవరూ జబ్బనుకునేవారు కాదు. మెడ నిండుగా ఉంటే ఇల్లు నిండుగా ఉన్నట్టు. సన్నటి మెడతో కోడలు వీధిలోకి వస్తే అత్త మాడుస్తోందని అర్థం. పేట మీద పేట చేరుస్తూ పట్టెడను తల్లి కూతురికీ అత్త కోడలికీ ఇస్తుంది. కాబట్టి బార్ట్లి కిటికీలోంచి కొండల వైపు తిరిగినప్పుడు బాబెట్‌కు కోపం రెండింతలైంది. అందరి గిన్నెల్లో వేసినందుకు ఒక కోపం, తన గిన్నెలో వెయ్యనందుకు ఇంకో కోపం.

బాబెట్ తమ్ముడు ఎమిల్ వంటింటి గుమ్మంలో కూర్చొని బంగాళాదుంపలు ఒలిచేవాడు. అతనికి పుట్టుకతో వినికిడి లేదు, మాట లేదు. ఆ లోయలో అలా పుట్టిన పిల్లలు ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు ఉండేవారు. అది కొండగాలి గుణమని పెద్దలు సరిపెట్టుకునేవారు. ఎమిల్‌కు చెవులు చెయ్యని పని కూడా కళ్లే చేసేవి. ఊళ్లో ఎవరు ఎలా నడుస్తారో, ఎలా తింటారో, ఎలా అబద్ధమాడతారో చేతులతో, మొహంతో చేసి చూపించేవాడు. బాబెట్‌ను నవ్వించడం అతని ఉద్యోగం, దుంపలు ఒలవడం కాలక్షేపం.

తర్వాత యుద్ధం మొదలైంది. మొదటి వారం బాబెట్ సూప్ కుండలో దోసెడు ఉప్పు అదనంగా గుమ్మరించింది. ఇంకేం వేస్తాడో చూద్దాం అన్నది ఆమె ఎత్తు. వచ్చినవాళ్లు ఒక్క చెంచా నోట పెట్టి, కళ్లనీళ్లు తుడుచుకొని, పులిసిన ఆపిల్ రసం తెమ్మని కేకలేశారు. ఆ వారం పీపాలు ఖాళీ అయినంత వేగంగా ఎన్నడూ కాలేదు. ఎమిల్ దుంపలు పక్కన పెట్టి, సముద్రంలో ఈదే చేపలా నోరు తెరిచి మూస్తూ వంటింట్లో తిరిగాడు. బార్ట్లి మాత్రం అన్నెలీ గిన్నెలో చిటికెడు యథాప్రకారం వేసి, తన గిన్నెను అడుగు కనబడేదాకా తాగి, గిన్నెను రొట్టెముక్కతో తుడిచి మరీ తిన్నాడు. "ఉప్పుపిచ్చి ఉన్నవాడికి ఉప్పు కషాయమే పాయసం" అని బాబెట్ పళ్లు కొరికింది.

రెండో వారం గిన్నెలన్నింటికీ మూతలు పెట్టి తెచ్చింది. బార్ట్లి మూత తీసి, చిటికెడు వేసి, మూత మళ్లీ పెట్టి, నిద్రపోయే పిల్లకు దుప్పటి సర్దినట్టు దాని మీద నెమ్మదిగా తట్టాడు. ఆ తట్టడమే బాబెట్‌కు ఎక్కువగా మండింది.

ఇదంతా ఎందుకు చేస్తావని అడిగే ఓపిక ఉన్నవాళ్లకు బార్ట్లి కారణం చెప్పకపోలేదు. కానీ అతను చెప్పే చోటు ఒక్కటే: కాలరు కొలత తీసుకునేటప్పుడు. టేపు మెడ చుట్టూ ఉంటుంది కాబట్టి వినేవాడు లేచి పోలేడు. చెప్పేవాడి పళ్ల మధ్య గుండుసూదులు ఉంటాయి కాబట్టి సగం మాటలు వినబడవు. వినబడిన సగం ఇది. ఒంటికి కొన్ని ఖనిజాలు కావాలి. ఎముకలకు కాల్షియం కావాలి. అది మన జున్నులో కావలసినంత ఉంది. నెత్తురుకు ఇనుము కావాలి; అది మనం పందిని కోసిన రోజున చేసే నెత్తురు సాసేజ్‌లో ఉంది. అయోడిన్ అని ఇంకొకటి ఉంది. అది సముద్రం సొత్తు. మన కొండల్లో ఉన్న కాస్తను మంచు కరిగిన నీళ్లు ఎప్పుడో కడిగి దిగువకు తీసుకుపోయాయి. మన గడ్డిలో లేదు, గడ్డి తిన్న ఆవు పాలలో లేదు, కాబట్టి మనలో లేదు. గొంతు దగ్గరుండే గ్రంథికి అది రవ్వంత చాలు. ఆ రవ్వంత దొరక్కపోతే, ఉన్నదాంతోనే నెట్టుకురాబోయి అది ఉబ్బుతుంది. కడుపుతో ఉన్న ఆడమనిషికి దొరక్కపోతే లోపలి బిడ్డ చెవికీ మాటకీ బుద్ధికీ ముప్పు. "ఆవులకు నాకడానికి ఉప్పురాయి వేలాడదీస్తాం గదా. పిల్లలు ఆవులకన్నా లోకువా?" అని ముగించి, సూదులు నోట్లోంచి తీసి దిండుకు గుచ్చేవాడు.

పట్నంలో మందుల దుకాణం నడిపే అతని చెల్లెలు, ఉప్పుకొట్టులో కొని అతను పంపే ఉప్పును తూచి, అయోడిన్ కలిపి, డబ్బా నింపి పంపేది. కలిపేది చీమ తలకాయంత. ఊరివాళ్లకు ఆ చీమ ఏనుగులా కనిపించింది.

అన్నెలీ కడుపుతో ఉందని తెలిసిన చలికాలంలో విషయం ముదిరింది. క్రిస్మస్‌కు బాబెట్ తన పట్టెడలోంచి ఐదు పేటలు విడదీసి, వెండి కొక్కెం పెట్టించి కోడలికిచ్చింది. నిరుడు తీసిన కోడలి మెడ కొలతకే అది చేయించింది. కోడలు పెట్టుకుంది. పట్టెడ మెడ మీద నిలవకుండా జారి, గొలుసులా గుండెల మీద పడింది.

చర్చి ముందు ఊరంతా చూసింది. కోడలికి తిండి పెట్టడం లేదా అని ముగ్గురు ముసలమ్మలు బాబెట్‌ను మూడు రకాల తియ్యటి మాటల్లో అడిగారు. అన్నెలీ తన వంతుగా, "మెడ సన్నబడింది గానీ నోరు సన్నబడలేదు, అత్తయ్యా. ఎవరేమన్నా నేను జవాబు చెప్పుకుంటాను. నాకిప్పుడు మెట్లెక్కితే ఆయాసం కూడా రావడం లేదు" అంది. బాబెట్‌కు ఆ మాట వినబడలేదు. ఆమెకు జారిన పేటలు తప్ప ఏమీ కనబడలేదు.

అదే వారం ఊళ్లో ఒక సిద్ధాంతం పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, పుట్టగానే నడిచింది: దర్జీ కావాలనే మెడలు సన్నబరుస్తున్నాడు, మెడలు సన్నబడితే అందరికీ కొత్త కాలర్లు కావాలి, కుట్టేది ఎవరు? ఇది విన్నవాళ్లు తొడలు చరుచుకున్నారు. బార్ట్లి పేరు పడిందే వెడల్పాటి కాలర్ల మీద అనీ, మామూలు మెడకు మామూలు కాలరు పట్నంలో ఎక్కడైనా దొరుకుతుందనీ, మెడలు సన్నబడితే మొదట మూతపడేది అతని దుకాణమేననీ ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. వదులైన కాలర్లను అతను కూలి లేకుండా బిగించి ఇస్తున్న సంగతి అందరికీ తెలుసు. దాన్ని కూడా కుట్రలో భాగంగానే లెక్కవేశారు.

బాబెట్ మండలికి ఫిర్యాదు చేసింది. తన సూప్‌ను అవమానించాడని, తన కోడలి మెడ దొంగిలించాడని ఆమె ఫిర్యాదు.

మండలి ఉప్పుకొట్టు మీది మేడగదిలో కూర్చుంది. అధ్యక్షుడు జెల్‌వేగర్ ఆవుల ఆసామి. రెండంతస్తుల గడ్డం, మూడంతస్తుల మెడ. ఆ మెడను కప్పిన కాలరు బార్ట్లి కుట్టినదే. మిగతా సభ్యులవీ అంతే. గ్రుంబాఖ్‌లో ఏ తీర్పయినా బార్ట్లి కుట్టిన కాలరులోంచే బయటికి రావాలి.

మొదటి అభియోగం, ఉప్పు అమ్మే హక్కు మండలికి మాత్రమే ఉండగా బార్ట్లి ఉప్పు వ్యాపారం చేశాడని. అమ్మానని ఎవరైనా చెప్తే చెప్పమని బార్ట్లి అడిగాడు. ఎవరూ చెప్పలేదు. ఊళ్లో వయసు మళ్లని ప్రతివాడికీ అతను ఉప్పు ఇచ్చాడు, ప్రతివాడూ తిట్టాడు, ఒక్కడూ వెల ఇవ్వలేదు. తిట్లు వెల కిందికి వస్తాయని ఏ చట్టమూ అనలేదు. రెండో అభియోగం, పట్టా లేకుండా వైద్యం చేశాడని. అతను ఎన్నడూ మందు అనలేదు, మంచిది అన్నాడు. ఎండ మంచిదన్నవాడు వైద్యుడైతే గ్రుంబాఖ్‌లో వైద్యుడు కానివాడు ఉండడు. ఈ రెండూ నిలవలేదు.

అప్పుడు జెల్‌వేగర్ ఉప్పు నియమావళి తెప్పించి, నాలుగో నియమం గట్టిగా చదివాడు: మండలి ఉప్పులో మరే పదార్థాన్నీ కలపరాదు. అయోడిన్ పదార్థమా కాదా అని అడిగాడు. పదార్థమే అని బార్ట్లి ఒప్పుకున్నాడు. అబద్ధమాడడం అతనికి చేతకాదు. ఎమిల్‌కు అతన్ని అనుకరించడం రాకపోవడానికి కూడా అదే కారణం.

ఇక తీర్పు రాయడమే తరువాయి. కానీ గెలిచినవాడికి ఎగతాళి చెయ్యాలనిపిస్తుంది. "అంత మంచి ఉప్పయితే నీ మెడ సంగతేమిటోయ్?" అన్నాడు జెల్‌వేగర్. జవాను బార్ట్లి కాలరు విప్పాడు. లోపల ఒక పక్కకు ఒరిగిన, పిడికిలంత పాత వాపు. గదంతా ఘొల్లుమంది.

నవ్వు తగ్గేదాకా ఆగి బార్ట్లి చెప్పాడు. "నేను ఆలస్యమైపోయానండి. లేత మెడకు ఇది మంచిది. నాలాంటి ముదిరిన మెడలో ఇప్పుడు పడితే గుండె పట్టాలు తప్పిన బండిలా పరిగెత్తొచ్చని మా చెల్లెలు హెచ్చరించింది. అందుకే పెద్దవాళ్ల గిన్నెల్లో వెయ్యను. నా గిన్నెలోనూ ఎప్పుడూ వేసుకోలేదు."

గది వెనక బెంచీ మీద ఎమిల్ పక్కన కూర్చున్న బాబెట్ లేచి నిలబడింది. స్త్రీలు పిలవకుండా మాట్లాడరాదని జవాను గుర్తుచేశాడు. ఆమె అతన్ని గుర్తించలేదు.

"ఎప్పుడూ వేసుకోలేదా?"

"లేదు, బాబెట్టమ్మా."

"నా సూప్‌లో?"

"మీ సూప్‌లో వేసుకోవలసింది ఏముంది? మీరు ఎలా చేస్తే అలాగే తాగాను."

బాబెట్ తమ్ముడి వైపు తిరిగింది. ఎమిల్ వేళ్లు కలిపి గాలిలో అన్నెలీ గిన్నె మీద ఒకసారి నలిపాడు, కుర్రాళ్ల గిన్నెల మీద నలిపాడు, తర్వాత బార్ట్లి గిన్నె దగ్గరికి వచ్చి చెయ్యి వెనక్కు లాక్కొని తల అడ్డంగా ఊపాడు. అతనికి ఇది మొదటి నుంచీ తెలుసు. అందరికీ తెలుసనుకున్నాడు. చెవులున్నవాళ్లు కళ్లు ఎందుకు వాడరో అతనికి ఎన్నడూ అర్థం కాలేదు.

"మరి ఆ ఉప్పు కషాయం వారం?" అని బాబెట్ అడిగింది.

బార్ట్లి ఇబ్బందిగా కిటికీలోంచి కొండల వైపు చూశాడు. "ఆ వారం కాస్త కష్టమైంది. నేను కూడా వదిలేస్తే మీరు కుండ పారబోసుకుంటారేమో అనుకున్నాను."

ఎమిల్ చేపలా నోరు తెరిచి మూశాడు. బాబెట్‌కు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. రెంటికీ ఒకే మెడలోంచి దారి దొరక్క ఆమె గట్టిగా తుమ్మింది.

తుమ్ము కేసును మార్చలేదు. డబ్బా జప్తయింది. పట్నంలోని మందుల దుకాణానికి కూడా తాఖీదు వెళ్లింది, ఇకమీదట గ్రుంబాఖ్ ఉప్పులో ఏమీ కలపవద్దని.

మర్నాడే బాబెట్ వెళ్లి ఫిర్యాదు వెనక్కు తీసుకుంటున్నానని చెప్పింది. "ఫిర్యాదు నీది, బాబెట్. ఉప్పు మాది" అన్నాడు జెల్‌వేగర్. నియమం మార్చాలంటే వసంత సభలో చేతులెత్తి మార్చాలి. వసంత సభలో చేతులెత్తేది మగవాళ్లు. నడుముకు కత్తి కట్టుకొని మైదానంలో నిలబడి, లోయలో ఎవరు ఏం తినాలో, ఎవరి కడుపులోని బిడ్డకు ఏం అందాలో కత్తి లేని వాళ్లను అడక్కుండా తేల్చేది వాళ్లే. మెడలో ఏడు పేటలు మోసిన మనిషికి భుజం మీంచి చెయ్యి పైకెత్తే హక్కు లేదు. సరే, ఆమె ఇంటికి వచ్చి కూరలు తరిగింది.

బార్ట్లి మధ్యాహ్నాలు రావడం మానలేదు. డబ్బా లేని మొదటి రోజున అతని చెయ్యి అలవాటు కొద్దీ బల్ల మీంచి అన్నెలీ గిన్నె దాకా వచ్చింది. మూడు వేళ్లు కలిశాయి, నలిగాయి. ఏమీ రాలలేదు. అతను చేతిని చూసుకొని దాన్ని జేబులో దాచుకున్నాడు. "పడిందిలే బాబాయ్, చిటికెడే కదా" అంది అన్నెలీ, కడుపు మీద చెయ్యి వేసుకొని. బార్ట్లి నవ్వాడు. గుమ్మంలో ఎమిల్ ఆ రోజు ఎవరినీ అనుకరించలేదు. బాబెట్ తమ్ముణ్ణి చూసింది, కోడలి కడుపును చూసింది, వంటింట్లోకి వెళ్లి చాలాసేపు పాత్రలు చప్పుడు చేసింది.

ఆ చప్పుడులోంచే ఆమెకు నాలుగో నియమం అర్థమైంది.

వసంత సభ రోజున మండలి సభ్యులు 'నల్లెద్దు'లో భోజనం చెయ్యడం తాతలనాటి ఆచారం. కత్తులు విప్పి గోడకు ఆనించి, పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. గొంతులు బొంగురుపోయి ఉన్నాయి, ఆకలి నకనకలాడుతోంది. బాబెట్ పొగలు కక్కే బార్లీ సూప్ స్వయంగా వడ్డించింది. బల్ల చివర బార్ట్లి కూడా ఉన్నాడు. జెల్‌వేగర్ మొదటి చెంచా తాగి ఆగాడు. రెండోది తాగి చుట్టూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

"బాబెట్, ఉప్పు మరిచిపోయావు."

"మరవలేదండి."

"మరి?"

"మండలి ఉప్పులో మరే పదార్థాన్నీ కలపరాదని మీరే కదండీ చదివారు. బార్లీ పదార్థం. క్యారెట్ పదార్థం. నీళ్ల సంగతి నాకు తెలియదు, నేను చదువుకున్నదాన్ని కాదు, నీళ్లు పదార్థమో కాదో పెద్దలు మీరు తేల్చి చెప్తే ఉప్పునీళ్లు ఇమ్మన్నా ఇస్తాను."

ఎవరో ఉప్పు విడిగా తెచ్చి ఇమ్మన్నారు, తామే వేసుకుంటామని. దానికి అభ్యంతరం లేదని బాబెట్ అంది. "కానీ వేసుకుంటే కలిపింది మీరవుతారు. నేను చూస్తూ ఊరుకోలేను. ఫిర్యాదులు చెయ్యడంలో ఇప్పుడు నాకు అనుభవం వచ్చింది."

ఎమిల్ రెండో వంటకం తెచ్చాడు, జున్ను వేసిన మాకరోనీ. జున్ను చెయ్యడంలో ఉప్పు కలుస్తుంది కాబట్టి బాబెట్ ఆ జున్నును కూడా చట్టప్రకారం తీసివేసింది. మిగిలింది ఉడికిన పిండి. ఎమిల్ దాన్ని జెల్‌వేగర్ ముందు పెట్టి, వెళ్లబోయి, ఆగి, మూడు వేళ్లు కలిపి ఆయన పళ్లెం మీద ఖాళీ చిటికెడు నలిపి, కిటికీలోంచి కొండల్ని చూశాడు. నలుగురూ నవ్వేలా అతను బార్ట్లిని అనుకరించగలగడం అదే మొదటిసారి. బల్ల చివర నవ్వు మొదలైంది, కత్తులున్న గోడ దాకా పాకింది. చెంచాలు మాత్రం లేవలేదు.

"ఏం కావాలి నీకు?" అన్నాడు జెల్‌వేగర్. కాలరులో ఆయన మెడ ఎర్రబడింది.

సభలో చెయ్యెత్తే హక్కు లేనిది కాబట్టి బాబెట్ గరిటె ఎత్తి చెప్పింది. ఆ గరిటె తరఫున ఇక్కడ చెప్తున్నదీ అదే.

గ్రుంబాఖ్ మండలి సభ్యులారా, నాలుగో నియమం బార్ట్లికి ఒకలా, బార్లీకి ఒకలా వర్తించదు. చట్టం సరైనదైతే మీ జీవితకాలమంతా ఇదే సూప్ తాగండి. తప్పయితే ఒప్పుకోండి. మీలో ఎవరికీ ఈ డబ్బాతో పని లేదు, మీ మెడలు ముదిరాయి; దానితో పని ఉన్నవాళ్లు మీ సభలో నిలబడలేరు, వాళ్లలో ఒకరు ఇంకా పుట్టనే లేదు. అన్నెలీకి నెలలు నిండుతున్నాయి. సూప్ చల్లారుతోంది. బీరువా తాళం ఎవరి జేబులో ఉందో ఈ బల్ల దగ్గర అందరికీ తెలుసు.

డబ్బా తిరిగి ఇవ్వండి. నింపి ఇవ్వండి.